గాలిలో ఆడిన ఎడమ చెయ్యి

సహోదరీ సహోదరులారా, ఈ సాక్ష్యం నేను ఎప్పుడో రాయవలసింది. రాయలేకపోవడానికి మొదటి కారణం, నాకు అక్షరాలు రావు. గుంటూరు దగ్గర పల్లెలో పుట్టి, మిరపచేలల్లో పెరిగి, మా ఆయన తాపీ పని వెతుక్కుంటూ ఎల్బీనగర్ వస్తే ఆయన వెనకాలే వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో వంట చేసుకుంటూ బతికినదాన్ని. బస్సు నంబరు కూడా బొమ్మలాగా గుర్తుపెట్టుకునేదాన్ని. నా మనవరాలు బడిలో చేరి పలక పట్టినప్పుడు దాని పక్కన కూర్చుని నేనూ ఒక పలక పట్టాను. "అమ్మమ్మా, నువ్వు ఇంకా అక్కడే ఉన్నావా, నేను గుణింతాలు కూడా అయిపోగొట్టా" అని అది వెక్కిరిస్తూ ఉంటే, వెక్కిరింతలోనే నేర్చుకున్నాను.

రెండో కారణం, ఈ సాక్ష్యంలో ఇంకొకరి ఇల్లు కూడా ఉంది. ఆ ఇంటివాళ్లకు అప్పట్లో ఈ సంగతి తెలియదు, ఇప్పుడు తెలుసు. మొన్న ఈస్టరుకు ఆ ఇంటి ఇల్లాలే నాతో "రాయి అక్కా, పేర్లు మార్చి రాయి, గని రాయి" అంది. పేర్లు మార్చాను, జరిగింది మాత్రం మార్చలేదు. దేవునికే మహిమ!

పెళ్లయి చాలా ఏళ్లు మాకు పిల్లలు లేరు. మా అత్తగారు మొక్కని మొక్కు లేదు, కట్టించని తాయెత్తు లేదు. ఎల్బీనగర్ వచ్చాక మేము ప్రభువును తెలుసుకున్నాం, తాయెత్తులన్నీ తెంపేశాం, సంఘంలో అందరూ మా కోసం ప్రార్థించారు. మిషన్ వాళ్ల దవాఖానాను ఆనుకుని ఉన్న పిల్లల ఆశ్రమం నుంచి, కోర్టు వారి అనుమతితో ఒక ఆడబిడ్డను మాకు ఇచ్చారు. ప్రభువు ఇచ్చిన దీవెన కాబట్టి దీవెన అనే పేరు పెట్టుకున్నాం.

కన్నతల్లీ పెంచుకునే తల్లీ ఎదురుపడకూడదని వాళ్ల పద్ధతి. కానీ ఆ రోజు బిడ్డను ఎత్తుకుని వరండాలోకి వచ్చేసరికి, ఆ చివర స్తంభం పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవేమో, పాలిపోయిన ముఖం, భుజం చుట్టూ కొంగు కప్పుకుని ఉంది. ఎవరూ చెప్పకపోయినా నాకు తెలిసింది. నా చేతుల్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ అమ్మాయి దగ్గరికి రాలేదు, మాట్లాడలేదు. ఎడమ చెయ్యి ఎత్తి బిడ్డ వైపు చాచింది, వెనక్కి లాక్కుంది, మళ్లీ కొంచెం పక్కకు చాచింది, మళ్లీ లాక్కుంది. గాలిలో విసనకర్ర గీసినట్టు అలా చాస్తూ లాక్కుంటూ ఉంది. కళ్లు బిడ్డ మీదే ఉన్నాయి, పెదవులు ఏదో గొణుక్కుంటున్నాయి. నా చేతుల్లో బిడ్డ ఏడుపు టక్కున ఆగిపోయింది!

సహోదరులారా, మేము రక్షణలోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మంత్రాలనూ చేతబడులనూ వదిలి వచ్చాం గాని వాటి భయం మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. అది ఎడమ చెయ్యి, పెదవుల మీద గొణుగుడు, బిడ్డ నోరు కట్టేసినట్టు ఆగిన ఏడుపు! బిడ్డను నాకు దక్కనివ్వకుండా ఏదో కట్టు కట్టిందనుకున్నాను. బిడ్డను కొంగులో చుట్టుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాను.

ఆ భయం ఎన్ని ఏళ్లు మోశానో ప్రభువుకే తెలుసు. దీవెనకు జ్వరం వస్తే ఆ చెయ్యే గుర్తొచ్చేది. మెట్ల మీద జారిపడితే ఆ చెయ్యే. ఊహ తెలిసీ తెలియని వయసులో అది అన్నం ముద్ద ఎడమ చేత్తో ఎత్తింది, ఎన్నిసార్లు కుడి చేతిలో పెట్టినా మళ్లీ ఎడమ చేత్తోనే ఎత్తింది, ఇక చూడండి నా పరిస్థితి! ఆ చెయ్యి నా బిడ్డలోకి వచ్చి కూర్చుందనుకున్నాను. రోజూ తెల్లవారగానే మోకాళ్ల మీద ఒకటే ప్రార్థన: "ప్రభువా, ఆ చేతి కట్టు తెంపు. నా బిడ్డ మీద నుంచి ఆ చెయ్యి తీసెయ్యి." పెంచుకున్న బిడ్డవని దీవెనకు మొదటి నుంచీ చెప్పే పెంచాం. ఈ చేతి సంగతి మాత్రం మా ఆయనతో కూడా అనలేదు. నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం.

దీవెన చదువుకుంది, దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటరు ఆఫీసులో పనికి కుదిరింది, మంచి విశ్వాసుల ఇంటికి కోడలైంది. అది తెలంగాణ ఉద్యమం రోజుల మాట. ఈ రోజు బంద్, రేపు రాస్తారోకో, హాస్టల్ పిల్లలు సగం మంది ఊళ్లకు వెళ్లిపోయారు. మేం ఆంధ్రావాళ్లం మార్కెట్లో నోరు విప్పాలంటే అటూ ఇటూ చూసుకునేవాళ్లం. ఆ రోజుల్లోనే దీవెన కడుపుతో మా ఇంటికి వచ్చి ఉంది. ఒక రోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తకుండా అంది:

"అమ్మా, లోపల బిడ్డ తన్నినప్పుడల్లా ఆమె గుర్తొస్తోంది. నన్ను మోసినామె. ఒక్కసారి చూడాలి."

నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఇప్పుడెందుకే? ఇన్నాళ్లు లేనిది?"

"ఇన్నాళ్లు నాకు కడుపు లేదు కదా. నేను ఒక్కదాన్నే వెతకను అమ్మా. నువ్వు తోడుంటేనే."

మా ఆయన మంచం మీద నుంచి "అది నిన్ను వదిలిపోతానంటోందా, తోడు రమ్మంటోందా? వెళ్లవే" అన్నాడు. ఆయనకేం తెలుసు! ఆ రోజు లోపలి గదిలో తలుపు వేసుకుని ఏడ్చి ప్రార్థించాను: "ప్రభువా, ఆమె దొరక్కపోతే నా బిడ్డ కుమిలిపోతుంది. దొరికితే ఆ చెయ్యి మళ్లీ నా బిడ్డ మీద పడుతుంది. ఏది అడగాలో నాకు తెలియడం లేదు. నేను అడగవలసింది నువ్వే చూసి ఇవ్వు."

ఆశ్రమానికి వెళ్లాం. వాళ్ల పుస్తకంలో రాసి ఉన్న ఊరికి ముందు వాళ్లే కబురు పంపుతామన్నారు, పంపారు, అలాంటి పేరు గలవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరని జవాబు వచ్చింది. "పరువు కోసం పెద్దవాళ్లు తప్పుడు పేరు చెప్పి ఉంటారమ్మా, ఇలాంటివి చాలా చూశాం" అని అక్కడి పెద్దమ్మగారు నిట్టూర్చారు. చౌటుప్పల్ అవతల ఊరు. ఒకసారి కళ్లతో చూసి వద్దామని దీవెన పట్టుబడితే, బస్సులు లేని రోజైనా జీపు పట్టుకుని పోయాం. పేరు చెప్పకుండా, పరువు తీయకుండా, ఎవరినని అడుగుతాం? ఊరంతా ఒక చుట్టు తిరిగి, బావి దగ్గర కాసేపు కూర్చుని, ఖాళీ చేతులతో తిరుగు ప్రయాణమయ్యాం. నిజం చెప్పాలంటే సహోదరులారా, ఒక పక్క బిడ్డ ముఖం చూస్తే కడుపు తరుక్కుపోతోంది, ఇంకో పక్క నా గుండె హమ్మయ్య అనుకుంటోంది.

కొంత దూరం వచ్చామో లేదో జీపు ఆగిపోయింది. ముందు రోడ్డంతా జనం! వంటావార్పు అట. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో వండి, అక్కడే అందరూ కూర్చుని తింటున్నారు. ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చుకున్నారు. ఒకాయన గడ్డాలు గీస్తున్నాడు, ఒకామె ఇస్త్రీ పెట్టె పెట్టుకుంది. మేమిద్దరం ఎండలో పక్కకు నిలబడ్డాం. "నువ్వు మాట్లాడకమ్మా, నేను మాట్లాడతా" అంది దీవెన నా చెవిలో. ఇంతలో నా వయసే ఉన్న ఒకామె గరిటె పట్టుకుని వచ్చింది. లచ్చమ్మ ఆమె పేరు.

"గాడ ఎండల నిలబడ్డరేంది? పిల్ల కడుపుతోటి ఉన్నది కనబడ్తలేదా ఎవ్వలికీ? జరగుండ్రిరా! రా బిడ్డా, నీడకు కూసో, ఇంత తిను."

విస్తళ్లు వేసి అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించింది. దీవెన మాట్లాడుతోంది, నేను తల ఊపుతున్నాను.

"మీ అమ్మ మూగదా?" అంది లచ్చమ్మ.

"లేదండీ" అనేశాను.

చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ ఘొల్లున నవ్వారు. "అగో, అండీ అంటున్నది! ఆంధ్రామె దొరికిందిరో!" నాకు ముద్ద గొంతులో ఇరుక్కుంది. లచ్చమ్మ నా వీపు మీద చరిచింది. "ఏం గాదు తిను అక్కా. మా కొట్లాట నీ ఇస్తరితోని కాదు. పప్పెట్లున్నది చెప్పు."

హాస్టల్ వంటమనిషిని కదా, అలవాటులో నోరు జారింది: "ఉప్పు తగ్గింది."

"ఆహా! జై తెలంగాణ అను, ఉప్పేస్త."

అన్నాను సహోదరులారా! అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె ఉప్పు వేసింది, పప్పు బాగుంది. దీవెనకు నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. లచ్చమ్మ దాని విస్తరి వైపు చూసి "ఎడమ చేత్తోని తింటవా బిడ్డా? మీ అత్త ఏమనదా?" అంటే, "అలవాటైపోయింది ఆంటీ, ఇప్పుడు ఆమే నాకు ఎడమ పక్క గ్లాసు పెడుతుంది" అంది.

అప్పుడు నేను తలెత్తి చూశాను. రోడ్డుకు అటు పక్క నేతపని వాళ్లు కూర్చున్నారు. ఒక ముసలామె ముందు చెక్క చట్రం ఉంది. దాని మీద ఇటు పక్క ఒకే ఒక్క మేకు, అటు పక్క అర్ధచంద్రం లాగా వరసగా మేకులు. చేతిలో నూలు పట్టుకుని ఈ ఒక్క మేకు నుంచి ఆ వరసలో మేకుకూ, అక్కడి నుంచి వెనక్కీ, మళ్లీ పక్క మేకుకూ చెయ్యి ఆడిస్తోంది. చాస్తోంది, లాక్కుంటోంది, కొంచెం పక్కకు చాస్తోంది, లాక్కుంటోంది. గాలిలో విసనకర్ర! పెదవులు గొణుగుతున్నాయి!

లచ్చమ్మ కొంగు పట్టి లాగాను. "ఆమె... ఆమె ఏం చేస్తోంది?"

"ఆసు పోస్తున్నది. చీరెకు రంగు ఎక్కియ్యక ముందు నూలును గిట్ల లెక్కగ పొయ్యాలె. ఇప్పుడు మిషన్లొచ్చినయ్ గని, మా కాలంల ఆడోళ్ల చేతులే మిషన్లు. భుజాలు పోయినయ్ అందరియి."

"మంత్రం కాదా?"

"మంత్రమేందక్కా! పని." లచ్చమ్మ నన్ను వింతగా చూసింది.

"మరి ఆ గొణుగుడు?"

"పోగులు లెక్కవెట్టుకోవద్దా? లెక్క తప్పితే చీరెల పువ్వు పువ్వు లెక్క రాదు."

నాకు తెలియకుండానే నా ఎడమ చెయ్యి లేచింది. ఆ వరండాలో చూసినట్టే గాలిలో ఆడించి చూపించాను. "ఒక అమ్మాయి ఇలా చేసేది. చాలా ఏళ్ల కిందట. నాకు పెద్ద మేలు చేసిన అమ్మాయి."

"ఎడమ చేత్తోనా?" లచ్చమ్మ గరిటె కింద పెట్టింది. "ఎడమ చేత్తోని ఆసు పోసేది మా దిక్కు ఒక్కతే. అండాలు అని పేరు. గామె కోసం వాళ్ల నాయిన చట్రం మీద మేకులన్నీ ఉల్టా కొట్టిచ్చిండు. ఇంకెవ్వలు కూసున్నా చెయ్యి తిరగక పోయేది దాని మీద." ఇంకా ఏదో అనబోయి, దీవెన వైపు చూసింది. దాని ఎడమ చెయ్యి విస్తట్లో ఆగి ఉంది. లచ్చమ్మ ఆ చేతిని చూసింది, ముఖాన్ని చూసింది, మళ్లీ నన్ను చూసింది. నవ్వు పోయింది. వంగి, ఎవరికీ వినబడకుండా చెప్పింది:

"వాళ్లు మగ్గం బంద్ వెట్టి పట్నం పోయిండ్రు. దిల్‌సుఖ్‌నగర్ల చీరెలకు ఫాలు కుడ్తది. మెల్లగ పో అక్కా. గామెకు మొగడున్నడు, కొడుకున్నడు, ఇల్లున్నది."

దిల్‌సుఖ్‌నగర్! నేను వంట చేసే హాస్టల్ నుంచి కూరగాయలకు నడిచే దారి! ఎక్కడ వెతికాం, ఎక్కడ దాచాడు ప్రభువు! రోడ్డు ఆపకపోతే జీపు ఆగేది కాదు, జీపు ఆగకపోతే ఆ చట్రం నా కంట పడేది కాదు.

ఇంటికి వచ్చే దారిలో నా భయం సంగతంతా దీవెనకు చెప్పాను. అది నోరు తెరుచుకుని విని, "అంటే, నువ్వు ఇన్నాళ్లూ నా ఎడమ చెయ్యి మీద ప్రార్థన చేస్తున్నావా?" అని పకపకా నవ్వి, అలా నవ్వుతూ నవ్వుతూనే నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

మరునాడు నేనొక్కదాన్నే ఒక కొత్త చీర పట్టుకుని, ఎడమ చేత్తో ఫాలు కుట్టేదెవరని దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో అడుగుతూ పోయాను. బట్టల దుకాణం మెట్ల కింద చిన్న చోటు, ఒక కుట్టుమిషను, పక్కన స్టూలు మీద కూర్చుని చేత్తో ఫాలు కుడుతున్న ఒకామె. సూది ఎడమ చేతిలో ఉంది. కాస్త ఒళ్లు చేసింది గాని ఆ ముఖమే.

"ఎప్పటికి గావాలె అక్కా?" అంది తలెత్తకుండా.

పక్కన మనుషులున్నారు, పైన దుకాణం యజమాని ఉన్నాడు. ఏం మాట్లాడను? ప్రభువా అనుకుని, ఎడమ చెయ్యి చాచాను, లాక్కున్నాను, కొంచెం పక్కకు చాచాను, లాక్కున్నాను.

సూది ఆగింది. ఆమె చూపు నా చేతి మీద నుంచి ముఖం మీదికి వచ్చింది. పెదవులు కదిలీ కదలకుండా, "మంచిగున్నదా?" అంది.

"బాగుందమ్మా. చాలా బాగుంది. కడుపుతో ఉంది. నిన్ను చూడాలంటోంది."

"నా ఇంట్ల తెల్వదు అక్కా." పైకి, దుకాణం వైపు చూసింది. "నా కొడుక్కు తెల్వదు."

"మేం నీ ఇంటికి రాము. నీకు రావాలనిపిస్తే, దుకాణాలు మూసే బంద్ రోజు మా ఇంటికి రా. రాకపోయినా ఏమీ అనుకోము. బాగుందని తెలిస్తే చాలు నీకు." ఎల్బీనగర్‌లో మా ఇంటి గుర్తులు చెప్పి, చీర అక్కడ పెట్టి వచ్చేశాను.

తరవాత బంద్ రోజు వచ్చింది, ఆమె రాలేదు. దీవెన వాకిట్లోకి తిరిగి తిరిగి కాళ్లు వాచి కూర్చుంది. ఎంత విచిత్రం చూడండి! ఆ చెయ్యి రాకూడదని అన్నేళ్లు ప్రార్థించిన నేను, ఆ రోజు దేవుడి ముందు బోర్లా పడి "తీసుకురా ప్రభువా, దాన్ని నా ఇంటికి తీసుకురా" అని మొరపెట్టుకున్నాను. ఆ మాట నా నోట వచ్చాక, నా రొమ్ము మీద నుంచి బండ దొర్లినట్టయింది. ఆమె రాకముందే నాకు విడుదల వచ్చేసింది. హల్లెలూయా!

ఆ మరుసటి బంద్‌కు దుకాణాలు మూశారు, వాళ్లాయన ధర్నాకు పోయాడు. ఆమె దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వచ్చింది, చంకలో నా చీర. గుమ్మంలోనే నిలబడిపోయింది. దీవెన లేచి నిలబడింది. ముందు దీవెనే, "ఆ రోజు చెయ్యి ఎందుకు అలా ఆడించావు?" అంది. వెతికి వెతికి దొరికిన తల్లిని నా బిడ్డ అడిగిన మొదటి మాట అది, నా కోసం అడిగింది!

అండాలు గోడ పట్టుకుంది. "నువ్వు కడుపుల ఉన్నప్పుడు నేను ఆసు పోస్తుంటే కదలకుండ పండుకునేదానివి బిడ్డా. చెయ్యి ఆపితే తన్నేదానివి. ఆ దినం ఈ అక్క చేతుల్ల ఏడుస్తున్నవు. దగ్గరికి పోవద్దన్నరు. నా దగ్గర నీకిచ్చేటిది ఇంకేమున్నది? అందుకే చెయ్యి ఆడిచ్చిన. లెక్క సుత తప్పలే. నువ్వు ఏడుపు ఆపినవు."

అది కట్టు కాదు సహోదరులారా, జోల! ఒక తల్లి పాడలేక చేత్తో పాడిన జోల! దాన్ని తెంపమని నేను రోజూ అడిగాను, ప్రభువు ఒక్కరోజు కూడా తెంపలేదు. వినలేదనుకున్నాను గాని, విని ఊరుకున్నాడు!

దీవెన ఆమె చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుంది. ఆమె వెళ్లేముందు చీర మడత విప్పి చూపించింది, ఎడమ భుజం నొక్కుకుంటూ, "ఈ భుజం పని చేస్తలేదక్కా, రెండు దినాలు పట్టింది" అంది. ఆమె వెళ్లాక నా బిడ్డ కుర్చీలో వెనక్కి వాలి, ఎప్పుడూ అన్నట్టే, "అమ్మా, టీ పెట్టవా, తల పగిలిపోతోంది" అంది. ఆ మాట విని నాకు ఎంత హాయి కలిగిందో రాయడానికి నేను నేర్చుకున్న అక్షరాలు చాలవు.

ఈ సాక్ష్యం చదువుతున్న ప్రియులారా, మీలో ఎవరైనా ఏ చేతికో, ఏ చూపుకో, ఎవరి గొణుగుడుకో భయపడుతూ రోజులు వెళ్లదీస్తున్నారేమో. ఎవరితోనూ చెప్పుకోలేని ఆ భయాన్ని యేసయ్యకు చెప్పుకోండి. తప్పుగా అడిగినా ఆయన కోప్పడడు, మనం అడిగినది ఆపి మనకు కావలసినది ఇస్తాడు. నాకిచ్చాడు, మీకూ ఇస్తాడు. నా బిడ్డనూ, దాన్ని కన్న చెల్లెలినీ, నన్నూ ఒకే గడపలో నిలబెట్టిన ఆయనకే స్తోత్రం.

ఆమె వచ్చి వెళ్లిన మరునాడు తెల్లవారగానే అలవాటు ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని "ప్రభువా, ఆ చేతి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. కాసేపు ఊరికే కూర్చుని, "ఆ చేతిని కాపాడు" అని ముగించి లేచాను. నువ్వుల నూనెలో వామూ వెల్లుల్లీ వేసి కాచి, సీసాలో పోసి కొంగులో చుట్టుకుని, బస్సులు లేకపోవడంతో ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, ఆ మెట్ల కింద ఆమె స్టూలు వెనకాల నిలబడి, నూనె ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఆ ఎడమ భుజానికి నా రెండు చేతులతో రాశాను.